గుర్రం తోక, గుర్రం దగ్గు

పోయిన మాఘమాసంలో మా చిన్నాన్న కొడుకు పెళ్లికి వైరా వెళ్లాను. నా చిన్నప్పుడు ఈ ఊళ్లో పెళ్లికొడుకు అంబాసిడర్ కారులో ఊరేగేవాడు. కారు దొరక్కపోతే ట్రాక్టర్. ఇప్పుడు గుర్రం ఉండాలి, డీజే ఉండాలి, పైన డ్రోన్ ఎగరాలి. రాత్రి తొమ్మిదింటికి ఫంక్షన్ హాలు వెనక డీసీఎం వ్యాను ఆగింది. అందులోంచి రెండు గుర్రాలు దిగాయి. తెల్లది పెళ్లికొడుకు కోసం. గోధుమరంగుది పక్కన నడవడానికి.

నేను అప్పటికి భోజనం ముగించి చేయి కడుక్కుంటున్నాను. చేతికి ఇంకా ఉలవచారు వాసన ఉంది. ఉలవలు గుర్రం దాణా అని, ఇంగ్లీషులో వాటికి పేరే గుర్రపు పప్పు అని ఆఫీసులో ఉత్తరాది మిత్రులకు చెప్పి నవ్వించేవాణ్ణి. అంత దగ్గరగా గుర్రాన్ని చూసింది మాత్రం ఆ రోజే. తెల్ల గుర్రం తల కిందికి వేలాడేసి దగ్గుతోంది. పొడి దగ్గు. ముక్కు కారుతోంది. దాన్ని తెచ్చిన కుర్రాడికి ఇరవై ఏళ్లుంటాయేమో, భుజం మీది తువ్వాలుతో దాని ముక్కు తుడిచి, అదే తువ్వాలుతో గోధుమరంగు గుర్రం మూతి తుడిచాడు. ఇద్దరికీ ఒకటే బకెట్.

మా మామయ్య పశువుల ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. ఎక్కడ జంతువు కనిపించినా చెయ్యి ఊరుకోదు. వెళ్లి తెల్ల గుర్రం దవడ కింద తడిమి చూశాడు, చెవి పట్టుకుని చూశాడు.

"ఒళ్లు కాలిపోతోంది గదరా దీనికి. ఎన్నాళ్ల నుంచి?"

"నిన్నటి నుంచే సార్. పడిశం పట్టింది. తగ్గుద్ది."

"దీన్ని ఎగిరించకు. రెస్టియ్యాలి. ఇప్పుడు ఎగిరిస్తే ఊపిరితిత్తులు పోతయ్."

"రేపు సత్తుపల్లిలో ఉంది సార్. ఎల్లుండి మధిర. అడ్వాన్సు తీసుకున్నా."

"ఎవరికన్నా చూపించావా?"

"చూపిస్తే ఏమంటారు సార్? పని మానెయ్యమంటారు. మానేస్తే దాని దాణా ఎవరిస్తారు?"

మామయ్య దగ్గర సమాధానం లేదు. నా దగ్గర అసలే లేదు. పావుగంటలో డీజే మొదలైంది. మా తమ్ముడు గుర్రం ఎక్కాడు. అది రెండు కాళ్ల మీద లేచి ఆడింది. మేమందరం వీడియో తీసుకున్నాం.

హైదరాబాదు తిరిగి వచ్చాక కూడా కుర్రాడు అడిగిన ప్రశ్న నన్ను వదల్లేదు. ఖాళీ దొరికినప్పుడల్లా గుర్రాల జబ్బుల చరిత్ర చదవడం మొదలుపెట్టాను. పశువైద్యం నా సబ్జెక్టు కాదు, సాఫ్ట్‌వేర్ నా పని. కానీ చదివిన కొద్దీ ఒక విషయం స్పష్టమైంది. జబ్బు ఎలా వ్యాపిస్తుందో మనుషులు కనిపెట్టి చాలా కాలమైంది. గుర్రం పోతే, లేదా గుర్రం ఆగితే ఆ నష్టం ఎవరిది అన్నదే ఏడెనిమిది వందల ఏళ్లుగా తేలని లెక్క.

*

ముందు జబ్బుల సంగతి. దగ్గి, ముక్కు కారే గుర్రానికి ముఖ్యంగా మూడు ఉండొచ్చు.

మొదటిది గుర్రాల ఇన్‌ఫ్లూయెంజా. మన ఫ్లూకి చుట్టమే. సోకిన ఒకటి నుంచి మూడు రోజుల్లో జ్వరం, పొడి దగ్గు. దగ్గినప్పుడు తుంపరలు చాలా దూరం పోతాయి. బకెట్లు, తువ్వాళ్లు, కళ్లేలు, మనిషి చేతులు కూడా మోస్తాయి. పెద్ద గుర్రాలు చాలావరకు చనిపోవు, రెండు మూడు వారాల్లో కోలుకుంటాయి. షరతు ఒకటే, విశ్రాంతి. జ్వరం ఉన్న ఒక్కో రోజుకి ఒక్కో వారం పని ఆపాలని గుర్రాల డాక్టర్లు ఒక లెక్క చెబుతారు. ఆ షరతు తప్పితే దెబ్బతిన్న ఊపిరితిత్తుల్లోకి బాక్టీరియా దిగి న్యుమోనియా అవుతుంది. మామయ్య చెప్పింది అదే.

రెండోది స్ట్రాంగిల్స్. దవడ కింద గడ్డలు లేచి, పగిలి, చీము కారుతుంది. మామయ్య చెయ్యి ముందు అక్కడికే పోవడానికి కారణం అది.

మూడోది గ్లాండర్స్. అన్నిటికంటే పాతది, భయంకరమైనది. ఊపిరితిత్తుల్లో గడ్డలు, ముక్కు లోపల పుళ్లు. అదే క్రిమి చర్మం మీద వరసగా బుడిపెలు లేపితే దాన్ని ఫార్సీ అంటారు. గాడిదలు, కంచరగాడిదలు త్వరగా చనిపోతాయి. గుర్రం మాత్రం నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి, పైకి మామూలుగా తిరుగుతూ తొట్టిలో నీళ్ల ద్వారా, మేత ద్వారా పక్కవాటికి అంటిస్తుంది. మనుషులకూ సోకుతుంది. టీకా లేదు. పరీక్ష చేసి, సోకినదాన్ని చంపి పాతిపెట్టడమే ఇప్పటికీ దారి.

ఆ రాత్రి వైరాలో తెల్ల గుర్రానికి ఉన్నది ఏదో టెస్టు చేయకుండా చెప్పలేం. టెస్టు చేయించే పరిస్థితి ఆ కుర్రాడికి ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

*

యుద్ధానికి పనికొచ్చే మేలు గుర్రం తెలుగు నేలకి ఎక్కువగా సముద్రం మీదే వచ్చింది. మన వేడికి, తేమకి, పచ్చికకి అది పుట్టలేదు. అందుకే గుర్రం తెలిసిన మనిషికి ఇక్కడ ఎప్పుడూ విలువ ఉండేది. కాకతీయుల శాసనాల్లో సాహిణి అన్న బిరుదు కనిపిస్తుంది. అశ్వదళం చూసే అధికారి అన్నమాట. గణపతిదేవుడి కొలువులో ఉన్న కాయస్థ నాయకుడు గంగయ సాహిణి అలా ఎదిగినవాడే. రౌతు అన్న ఇంటిపేరు ఇప్పటికీ వింటాం. వైరా కాలవల్లో, చుట్టుపక్కల చెరువుల్లో అల్లుకుపోయే కలుపుని గుర్రపుడెక్క అంటాం. ఎద్దు, బర్రె మా ఊరివి. గుర్రం మాత్రం మాకు ఎక్కువగా మాటల్లోనే మిగిలింది.

మోటుపల్లి రేవు నుంచి ఓరుగల్లుకి మ్యాపులో ఒక గీత గీస్తే అది కృష్ణ దాటి ఖమ్మానికి కాస్త పడమరగా పోతుంది. 1244 ప్రాంతంలో గణపతిదేవుడు ఆ మోటుపల్లిలో అభయశాసనం వేయించాడు. అంతకుముందు రాజులు తుఫానుకి ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా లాగేసుకునేవారట. ఇక మీదట సుంకం తప్ప ఏమీ తీసుకోమని ఆయన వర్తకులకి మాట ఇచ్చాడు. స్కూల్లో దీన్ని రాజు దయ అని చదువుకున్నాం. దయ ఉండొచ్చు. లెక్క కూడా ఉంది. ఓడ పగిలి సగం పోయినవాడి దగ్గర మిగతా సగం కూడా లాక్కుంటే, వచ్చే ఏడు ఆ రేవుకి ఎవడొస్తాడు?

ఆ తర్వాత అర్ధశతాబ్దానికి, 1290లలో, మార్కోపోలో ఈ తీరం మీదుగా వెళ్లాడు. మోటుపల్లి రాజ్యం గురించీ, అక్కడి రాణి గురించీ రాశాడు. ఆ రాణి రుద్రమ అని చరిత్రకారులంటారు. గుర్రాల గురించి ఆయన రాసిన ముఖ్యమైన మాట మాత్రం ఇంకాస్త దక్షిణాన, పాండ్యుల తీరం గురించి. అక్కడి రాజు ఏటా రెండు వేలకు పైగా గుర్రాలు కొంటాడని, ఏడాది తిరిగేసరికి వంద కూడా బతకవని అంటాడు. కారణం ఏమిటంటే గుర్రాల వైద్యం తెలిసినవాళ్లు అక్కడ లేరు. హోర్ముజ్ నుంచి, ఏడెన్ నుంచి గుర్రాలు తెచ్చే వర్తకులు వైద్యుల్ని వెంట తీసుకురారు సరికదా, ఎవరైనా వద్దామన్నా రానివ్వరు. గుర్రాలు చస్తూ ఉంటేనే కదా మళ్లీ మళ్లీ అమ్ముడయ్యేది.

మార్కోపోలో అంకెలన్నీ అక్షరాలా నమ్మక్కర్లేదు. యాత్రికుడు, కాస్త పెంచి చెప్పే అలవాటున్నవాడు. మన దేశంలో గుర్రాల వైద్యం అసలు లేదన్నదీ నిజం కాదు. శాలిహోత్రుడి పేరు మీద, నకులుడి పేరు మీద సంస్కృతంలో అశ్వశాస్త్రాలున్నాయి. తెలుగులోనే మనుమంచి భట్టు రాసిన హయలక్షణ విలాసం ఉంది. ఈ శాస్త్రాల్లో ఏ సుడి ఎక్కడుంటే శుభమో, ఏ రంగు ఎవరికి అచ్చొస్తుందో కూడా చాలానే ఉంటుంది. అంటే శాస్త్రం రాజు కొనే గుర్రం గురించి ఆలోచించింది. లాయంలో నలభై గుర్రాలు ఒకే తొట్టిలో నీళ్లు తాగుతుంటే ఏమవుతుందో ఆ తొట్టి కడిగేవాడికే తెలిసుంటుంది. ఆ మనిషి రాసిన పుస్తకం మన దగ్గర లేదు.

మార్కోపోలో చెప్పిన దాంట్లో నన్ను పట్టుకున్నది అంకె కాదు, తర్కం. తెలివి ఉంది, అది ఇక్కడికి రాకుండా ఆపడంలో ఒకరికి లాభం ఉంది.

అదే కాలపు పారశీక చరిత్రకారుడు వస్సాఫ్ ఇంకో సంగతి రాశాడు. పాండ్య రాజ్యంతో గుర్రాల ఒప్పందంలో, దారిలో సముద్రం మీద చచ్చిన గుర్రానికి కూడా ఖజానా నుంచే ధర కట్టాలని ఉందట. దీని తర్వాతి అధ్యాయం విజయనగరంలో దొరుకుతుంది. పదహారో శతాబ్దంలో అక్కడున్న పోర్చుగీసు వర్తకుడు నూనిజ్, సాళువ నరసింహుడి గురించి రాస్తూ, ఆ రాజు గుర్రాల్ని చచ్చినవీ బతికినవీ కలిపి కొనేవాడని చెప్పాడు. సముద్రంలో చచ్చిన గుర్రానికి తోక ఒక్కటి తెచ్చి చూపిస్తే చాలు, బతికున్న గుర్రానికి ఇచ్చినంతా ఇచ్చేవాడట. పిల్లలమర్రి పినవీరభద్రుడు అశ్వమేధపు గుర్రం కథ అయిన జైమిని భారతాన్ని అంకితమిచ్చింది ఈ నరసింహుడికే. ఒక పక్క దిగ్విజయం చేసే గుర్రం కావ్యంలో, ఇంకో పక్క గుర్రపు తోకల లెక్క ఖజానాలో.

తోకకి డబ్బు ఇవ్వడం మూర్ఖత్వం అనుకున్నాను మొదట. తర్వాత అనిపించింది, ఇది ఇన్సూరెన్స్. నష్టం భయం వర్తకుడి నెత్తిన లేకుండా తీసేస్తే ఓడలు వస్తాయి. అభయశాసనంలో ఉన్న లెక్కే ఇది. అయితే ఇందులో ఒక లోపం ఉంది. చచ్చినా బతికినా ఒకటే ధర అయితే, ఓడలో దగ్గే గుర్రాన్ని వేరుగా కట్టేయాలని వర్తకుడికి ఎందుకు అనిపిస్తుంది? నష్టానికి పరిహారం దొరికింది కానీ జబ్బు గురించి నిజం చెప్పినందుకు ఏమీ దొరకలేదు. ఈ తేడా గుర్తుంచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

*

1872 సెప్టెంబరు చివర్లో కెనడాలో టొరంటో పరిసర పల్లెల్లో గుర్రాలు దగ్గడం మొదలుపెట్టాయి. నెల తిరిగేసరికి న్యూయార్క్, బోస్టన్. శీతాకాలానికి అమెరికా దక్షిణ తీరం, క్యూబా. మరుసటి వసంతానికి పడమటి తీరం. అది గుర్రాల ఇన్‌ఫ్లూయెంజా అని ఇప్పుడు అనుకుంటున్నాం. అప్పటికి వైరస్ అన్న ఊహే లేదు. చనిపోయినవి చాలా చోట్ల నూటికి ఒకటో రెండో. కానీ జబ్బుపడినవి దాదాపు అన్నీ. సరుకు బండ్లు ఆగాయి, ట్రాములు ఆగాయి. ఆ నవంబరు 9న బోస్టన్ నగరం తగలబడినప్పుడు ఫైరింజన్లను మనుషులే లాక్కుంటూ వెళ్లారు.

ఈ దగ్గు రైలు పట్టాల వెంట పరుగెత్తింది. సోకిన గుర్రం ఒకటి రెండు రోజులు మామూలుగానే కనిపిస్తుంది కాబట్టి రైలెక్కేటప్పుడు ఆరోగ్యంగా ఉంటుంది, దిగేటప్పుడు దగ్గుతుంది. గుర్రం తన కాళ్ల మీద నడిచినంత కాలం జబ్బు కూడా గుర్రం వేగంతోనే నడిచింది. దాన్ని బండిలో ఎక్కించిన రోజు నుంచి లెక్క మారింది. మా దగ్గర 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకి, 1889లో ఖమ్మం మీదుగా బెజవాడకి రైలొచ్చింది. ఇప్పుడు వైరా నుంచి సత్తుపల్లికి డీసీఎం గంటన్నరలో పోతుంది. పెళ్లిళ్ల సీజన్లో ఒక గుర్రం వారంలో నాలుగు ఊళ్లు చూస్తుంది.

అదే కాలంలో సైన్యాలకి నిద్ర పట్టనివ్వని జబ్బు గ్లాండర్స్. 1882లో జర్మనీలో లోఫ్లర్, షుట్జ్ దాని క్రిమిని గుర్తించారు. తర్వాత పదేళ్ల లోపే రష్యా సామ్రాజ్యంలో హెల్మన్, కాల్నింగ్ అనే ఇద్దరు పశువైద్యులు మాలీన్ అనే పరీక్ష కనిపెట్టారు. పైకి బాగున్న గుర్రంలో దాగిన జబ్బుని అది బయటపెడుతుంది. కాల్నింగ్ ఆ పనిలోనే గ్లాండర్స్ సోకి చనిపోయాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇదే క్రిమిని ఆయుధం చేశారు. 1915లో ఆంటన్ డిల్గర్ అనే జర్మన్ ఏజెంటు వాషింగ్టన్ శివారులో ఒక ఇంట్లో దీన్ని పెంచి, మిత్రరాజ్యాలకి ఓడల్లో వెళ్లే గుర్రాలకి అంటించే ఏర్పాటు చేశాడు.

బ్రిటిష్ ఇండియాకి ఆస్ట్రేలియా నుంచి వేలాదిగా గుర్రాలు దిగేవి. సైన్యానికి అవే కాళ్లు. అందుకే 1899లో గ్లాండర్స్, ఫార్సీ చట్టం వచ్చింది. ఇన్‌స్పెక్టరు ఏ లాయంలోకైనా వెళ్లొచ్చు, అనుమానం ఉన్న గుర్రాన్ని స్వాధీనం చేసుకోవచ్చు. పశువైద్యుడు జబ్బని తేలిస్తే చంపించాలి. శాస్త్రం ప్రకారం సరైన చట్టమే. ఇప్పటికీ ఇంతకన్నా వేరే దారి లేదని ముందే చెప్పాను.

ఇదే చట్టాన్ని ఒక జట్కావాడి వైపు నుంచి చూడండి. కంటోన్మెంటులో ఒక గుర్రం చస్తే రిజిస్టరులో ఒక గీత. జట్కావాడికి గుర్రం అంటే ఇల్లు. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని తెలిస్తే అతను ఏం చేస్తాడు? ముక్కు శుభ్రంగా తుడుస్తాడు. పక్క ఊళ్లో బంధువు ఇంటికి తోలేస్తాడు. లేదా తక్కువ ధరకి వెంటనే అమ్మేస్తాడు. ఈ మూడింటిలో ఏది చేసినా జబ్బు ఇంకో లాయానికి చేరుతుంది. అతను చెడ్డవాడు కాదు. నిజం చెప్పడానికి అయ్యే ఖర్చు మొత్తం అతని ఒక్కడి మీదే పడింది.

*

ఇదంతా గుర్రాల కాలం నాటి కథ, ఇప్పుడేముందిలే అనుకుంటే పొరపాటు. 1987లో మన దేశంలో గుర్రాల ఇన్‌ఫ్లూయెంజా పెద్ద ఎత్తున వచ్చింది. ఉత్తరాదిలో వేల గుర్రాలు, కంచరగాడిదలు మంచాన పడ్డాయి. హిసార్‌లో గుర్రాల జాతీయ పరిశోధన కేంద్రం పెట్టి అప్పటికి రెండేళ్లే. లుధియానాలో దొరికిన వైరస్‌తోనే వాళ్లు టీకా తయారుచేశారు. తర్వాత ఇరవై ఏళ్లు నిశ్శబ్దం.

2008 జూన్‌లో జమ్మూ దగ్గర కట్రాలో మళ్లీ మొదలైంది. వైష్ణోదేవి కొండకి యాత్రికుల్ని మోసే గుర్రాలు, కంచరగాడిదలు. చైనా, మంగోలియాల్లో అప్పుడు తిరుగుతున్న వైరస్‌కి దగ్గరి చుట్టం అది. ఏడాది తిరిగేలోగా అహ్మదాబాదులో, ఉత్తరాఖండ్ గోపేశ్వర్‌లో, ఇటు మైసూరులో అదే వైరస్ దొరికింది. వైరస్ నమూనాలకి పెట్టే పేర్లలో ఊరి పేరు, సంవత్సరం ఉంటాయి. కట్రా, మైసూరు పేర్లు పక్కపక్కన పెట్టి చూస్తే హిమాలయం నుంచి దక్కను దాకా ఒక దగ్గు నడిచిన దారి కనిపిస్తుంది.

అంతకు రెండేళ్ల ముందు, 2006లో, పోయిందనుకున్న గ్లాండర్స్ మహారాష్ట్రలో పుణే, పంచగనిల దగ్గర మళ్లీ బయటపడింది. ఆ ఏడాది, మరుసటి ఏడాది అది కనిపించిన రాష్ట్రాల జాబితాలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. నేను ఆ రోజుల్లో ఇంజినీరింగ్ చదువుతున్నాను. బర్డ్ ఫ్లూ గుర్తుంది, చికెన్ చవకగా దొరికింది కాబట్టి. గుర్రాల సంగతి మా హాస్టల్లో ఎవరికీ తెలియదు.

ఇక 2025 మే మొదటి వారం. కేదార్‌నాథ్ దారిలో రెండు రోజుల్లో పద్నాలుగు జంతువులు చనిపోయాయి. అంతకు ముందు నుంచే ఆ జిల్లాలో ఇన్‌ఫ్లూయెంజా బయటపడి పరీక్షలు జరుగుతున్నాయి. గుర్రాల్ని, కంచరగాడిదల్ని కొన్నాళ్లు ఆపేశారు. మన తెలుగువాళ్లు ఎంతమంది వాటి మీద ఆ కొండ ఎక్కి ఫోటో పెట్టి ఉంటారో. నేనూ పెట్టాను. ఎక్కేటప్పుడు కంచరగాడిద దగ్గిందా అని నేను చూడలేదు.

1899 చట్టం పోయి 2009లో జంతువుల అంటువ్యాధుల చట్టం వచ్చింది. జంతువుకి ఫలానా జబ్బుందని అనుమానం వస్తే యజమాని గ్రామాధికారికో పంచాయతీకో చెప్పాలని అందులో ఉంది. గుర్రాల ఇన్‌ఫ్లూయెంజా, గ్లాండర్స్ రెండూ ఆ జాబితాలో ఉన్నాయి. గ్లాండర్స్ అని తేలి గుర్రాన్ని చంపిస్తే యజమానికి పరిహారం కూడా ఇస్తారు. జట్కావాడి కాలంతో పోలిస్తే మంచి మార్పే.

అయితే ఆ పరిహారం చంపిన గుర్రానికి. ఆపిన గుర్రానికి కాదు. ఇన్‌ఫ్లూయెంజా వస్తే గుర్రాన్ని చంపక్కర్లేదు, మూడు వారాలు కట్టేస్తే చాలు. ఆ మూడు వారాల సంపాదన, దాణా ఏ పద్దులో ఉన్నాయి? గుర్రం గుడ్డిదైనా దాణాకి తక్కువ లేదని మన సామెత. దగ్గే గుర్రానికీ అంతే. మలక్‌పేట రేసు గుర్రానికి డాక్టరు ఉంటాడు, టీకా ఉంటుంది, ప్రతి ప్రయాణానికీ కాగితం ఉంటుంది, ఎందుకంటే దాని యజమాని మూడు వారాలు ఆగగలడు. పెళ్లి గుర్రం యజమాని మూడు రోజులు ఆగలేడు. వైరస్‌కి ఈ తేడా తెలియదు.

దీనికి జవాబు లేదా అంటే, ఒక చోట దొరికింది. 2007 ఆగస్టులో ఆస్ట్రేలియాలో, విదేశాల నుంచి తెచ్చిన గుర్రాల ద్వారా, సిడ్నీ క్వారంటైన్ కేంద్రం నుంచి ఇన్‌ఫ్లూయెంజా బయటికి వచ్చింది. అంతకుముందు ఆ దేశానికి ఈ జబ్బే తెలియదు. తొమ్మిది వేలకు పైగా ఆవరణల్లోకి పాకింది. గుర్రాల రాకపోకలు ఆపేశారు, టీకాలు వేశారు. ఇవి ఎవరైనా చేసేవే. వాళ్లు ఇంకోటి కూడా చేశారు. గుర్రాలు ఆగడం వల్ల పని పోయిన వాళ్లకి, లాయాల్లో కూలీలకి, చిన్న వ్యాపారులకి, ప్రభుత్వం జీతం బదులు డబ్బు ఇచ్చింది. ఆ డిసెంబరు తర్వాత కొత్త కేసు లేదు. ఒక దేశం మొత్తంగా ఈ జబ్బుని వదిలించుకుంది. డబ్బు ఒక్కటే కారణం అనను, వాళ్ల ల్యాబులు, పశువైద్యులు, భూగోళం అన్నీ కలిసొచ్చాయి. కానీ ఆగమని చెప్పిన ప్రభుత్వం ఆగినందుకు ఖర్చు కూడా పంచుకుంది. సాళువ నరసింహుడు తోకకి డబ్బిచ్చాడు. వీళ్లు కట్టేసిన గుర్రానికి ఇచ్చారు.

మా ఆఫీసులో సర్వర్లు పడిపోతే తర్వాత ఒక మీటింగ్ ఉంటుంది. తప్పు ఎవరిదని అడగకూడదని అందులో మొదటి నియమం. ఆ నియమం మంచితనం కోసం పెట్టింది కాదు. తప్పు చెప్పినవాడిని శిక్షిస్తే రెండోసారి ఎవడూ చెప్పడని కంపెనీలు నష్టపోయి నేర్చుకున్నాయి. మాకు నెల జీతం ఆగదు కాబట్టి మేం చెబుతాం. నా లాప్‌టాప్‌కి దాణా అక్కర్లేదు.

*

ఈ వ్యాసం రాసేముందు మామయ్యకి ఫోన్ చేశాను. ఆ కుర్రాడి నంబరు ఆ రాత్రే తీసుకున్నాడట. మర్నాడు పొద్దున చేసి, బకెట్లు వేరు చెయ్యమని, ఆ తువ్వాలు ఉడకబెట్టమని, దుమ్ములేని గడ్డి తడిపి పెట్టమని చెప్పాడట. "సత్తుపల్లికి పోయాడా?" అని అడిగాను.

"పోకుండా ఎట్లుంటాడు అల్లుడూ? అయితే తెల్లదాన్ని కట్టేసి, ఎర్రదాన్ని తోలకపోయినా అన్నాడు. పెళ్లివాళ్లు తెల్లదే కావాలని గొడవ చేసి సగం డబ్బులే ఇచ్చారంట."

ఎర్రదానికి అప్పటికే సోకి ఉండొచ్చు. అయినా ఆ కుర్రాడు మా మాట విని, తనకు చేతనైన మేరకు, సగం డబ్బులు పోగొట్టుకుని జబ్బుని ఆపే ప్రయత్నం చేశాడు. ఆ సంగతి విన్నాక నాకు మా పెళ్లి గుర్తొచ్చింది. ఆ రాత్రి మేం డ్రోన్‌కి ఎంత ఇచ్చామో మా తమ్ముణ్ణి అడిగాను. చెప్పాడు. గుర్రానికి ఇచ్చిన దానికి రెట్టింపు. "నీ డబ్బులు నువ్వు తీసుకో, గుర్రాన్ని తోలుకెళ్లిపో, మావాడు నడిచొస్తాడు" అని మాలో ఎవరమైనా అనొచ్చు. నేను పక్కనే నిలబడి ఉన్నాను, మామయ్య మాట విన్నాను, కుర్రాడి ప్రశ్న విన్నాను. అనలేదు.